మామగారి పాటలపెట్టె

వంటయింటి సంగతులను, బిడ్డల పెంపకమును, నోములను గూర్చి వ్రాయుట మనకు పరిపాటి. నేనిప్పుడు గ్రామఫోను ముల్లును గూర్చియు, జాజ్ అను అమెరికా సంగీతమును గూర్చియు వ్రాయబూనినచో "ఈమెకు వేరు పని లేదు కాబోలు" నని కొందరు నవ్వవచ్చును. నవ్వినను సరియే. నేను చేసిన తప్పొకటి కలదు. దానిని, దానిని దిద్దుకొనుటకై మేము పడిన పాటును చెప్పినచో, పెద్దవారి పాతవస్తువులు ఇంట గల యే గృహిణికైనను కొంత యుపయోగము కలుగునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మావారు ఎల్లారెడ్డిలో ఉన్నత పాఠశాలయందు ఉపాధ్యాయులు. మా కాపురము కామారెడ్డిలో. వారు ప్రతిదినమును లింగంపేట మీదుగా బస్సులో పోయి వచ్చుచుందురు. మామగారు మాత్రము చాలకాలము ఎల్లారెడ్డిలోని సొంతయింటనే యుండిరి. వారు నిజాంసాగరు కాలువల శాఖలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గొన్నవారు. మూడేండ్ల క్రిందట మా అత్తగారు గతించిన పిమ్మట, ఆ వయస్సులో ఒంటరిగా నుండుట తగదని వారిని మాయింటికి తోడ్కొని వచ్చితిమి. వారు తమతో దెచ్చుకొన్నవి రెండే: బట్టల సంచి యొకటి, రేకుపెట్టె యొకటి. ఆ పెట్టెను బస్సులో మరి యొకచోట పెట్టనీయక, దారి పొడుగునను రెండు మోకాళ్ల నడుమ నిలుపుకొని కూర్చుండిరని మావారు చెప్పిరి.

ఆ పెట్టెలో 43 రికార్డులున్నవి. అందు 38 నల్లనివి, బరువైనవి, నిమిషమునకు 78 చుట్లు తిరుగునవి. తక్కిన 5 పలుచనివి, లాంగుప్లేలు. మామగారి తండ్రిగారు సికింద్రాబాదు లాలాగూడ రైలు కర్మాగారములో పనిచేసినవారు. ఆ దినములలో అచట ఆంగ్లో ఇండియను కుటుంబములు చాల యుండెడివి. పొరుగింటి యింజను డ్రైవరొకరు 1960వ దశాబ్దములో కుటుంబముతో ఆస్ట్రేలియాకు తరలిపోవుచు, మోసికొనిపోలేని సామానులో నీ రికార్డులను తాతగారికి ఇచ్చిపోయిరట. మామగారప్పటికి యువకులు. ఆదివారము సాయంకాలమున ఆ పొరుగింటి వరండాలో గ్రామఫోనుకు కీ త్రిప్పు పని చిన్నప్పటినుండియు వారిదేనట.

ఆ పాటలు మన పాటలు కావు. జాజ్ అనునది అమెరికాలో న్యూ ఆర్లియన్సు పట్టణమున, బానిసత్వమునుండి విడివడిన నల్లజాతివారి సంతతియందు పుట్టిన సంగీతము. అది మన దేశమునకు నౌకలమీద వచ్చినది. 1935లో లియోన్ ఆబే యనునతని బృందము బొంబాయిలోని తాజ్‌మహల్ హోటలులో వాయించెను. తరువాత క్రికెట్ స్మిత్, టెడ్డీ వెదర్‌ఫర్డ్ అను వారలు వచ్చిరి. వెదర్‌ఫర్డ్ గొప్ప పియానో విద్వాంసుడు. కలకత్తాలో స్థిరపడి, అచటనే రికార్డులు చేసి, 1945లో కలరా వ్యాధిచే ఆ నగరముననే మరణించెను. వీరికడ మెలకువలు నేర్చిన గోవా వాద్యకారులు పిమ్మట హిందీ చిత్రములలోనికి పోయిరి. 1951లో వచ్చిన "అల్‌బేలా" చిత్రమునకు సి. రామచంద్రతో కలిసి పనిచేసిన చిక్ చాక్లెట్ అను ట్రంపెటు వాద్యకారుడు వారిలో నొకడు. కావున మన పెద్దలు రేడియోలో విని తలలూపిన పాటలలో జాజ్ పాలు కొంత యున్నదని నేనిప్పు డెరుగుదును. అప్పు డెరుగను.

నాకు చిన్ననాట మా తాతగారు ఇంటనే భారతమును, మనుచరిత్రమును, వసుచరిత్రమును చెప్పిరి. పద్యము రాగవరుసతో చదువుట నా కలవాటు. అందుచే ఆ బాకాల మ్రోతయు, డప్పుల దరువును నాకు వట్టి గందరగోళముగా దోచెను. మావారు మాత్రము తండ్రిగారి మనసు కొంత తేరునను ఆశతో చేతిపెట్టెవలె మడుచు చిన్న రికార్డుప్లేయరు నొకదానిని తెప్పించిరి. వెల తక్కువ, చూచుటకు ముచ్చట. దానిపై మొదటి రికార్డు పెట్టగా నూనెలో ఆవాలు చిటపటలాడిన చప్పుడు. దాని వెనుక నెక్కడనో ఈగ మూలిగినట్లు పాట. మామగారు రెండు నిమిషములు విని, చేయి యూపి, "ఆపు బిడ్డా. పెట్టె మంచిదే. నా చెవులే పోయినయి" అని లేచి పెరటిలోనికి పోయిరి. అటుపిమ్మట వారు దానిని అడుగలేదు.

ఇక నా తప్పు చెప్పెదను. ఆ చిటపట దుమ్ముచేతనే యని నేను నిశ్చయించుకొంటిని. ఒక మధ్యాహ్నము మామగారు కునుకు తీయుచుండగా, వారు అన్నిటికంటె పైన గుడ్డచుట్టి దాచుకొన్న రికార్డును తీసితిని. అది కలకత్తాలో వెదర్‌ఫర్డ్ బృందము వాయించినది. ఇంటిలో గాయములకు వాడు స్పిరిటు సీసా యుండెను. అద్దమును తుడిచినట్లు స్పిరిటుతో తుడిచితిని. గుడ్డ నల్లనైనది. దుమ్ము వచ్చుచున్నదని సంతోషించి మరికొంత పోసి తుడిచితిని. గుడ్డ కాటుకవలె నైనది. అప్పుడు రికార్డువైపు చూచితిని. దాని నిగనిగ పోయి, సున్నము గీకిన గోడవలె మచ్చలు దేరి, చేతికి జిగురంటుచుండెను. దుమ్ము కాదు, రికార్డే నా గుడ్డలోనికి వచ్చుచుండెను.

మామగారు లేచిన పిమ్మట దాచక చెప్పితిని. వారు దానిని చేతిలోనికి దీసికొని, వెలుతురునకు త్రిప్పి చూచి, మరల గుడ్డలో చుట్టి, "పోనీ బిడ్డా" అనిరి. అంతే. ఒకమాట కోపముగా నన్నను నాకు తేలికగా నుండెడిది. అది మీ అత్తగారికి చాల ఇష్టమైన పాటయని ఆ రాత్రి మావారు చెప్పిరి. పెండ్లియైన క్రొత్తలో ఆమెకు ఆ పాట వినిపించుటకే మామగారు సికింద్రాబాదు నుండి గ్రామఫోనును మోసికొని వచ్చిరట. నాకు నిద్ర పట్టలేదు.

మరునాడే ఈ రికార్డులు దేనితో చేయుదురో తెలిసికొన మొదలిడితిని. సోదరీమణులారా, అవి లక్కతో చేయుదురు! చెట్ల కొమ్మలపై లక్కపురుగులు కట్టు లక్కనే శుద్ధిచేసి, మెత్తని రాతిపొడియు, నూలుపీచును, నల్లరంగునకు మసియు గలిపి, వేడిమీద అచ్చులో నొత్తుదురు. ఆ లక్క చాలవరకు మన దేశమునుండియే లోకమంతటికిని పోయెడిది. వినైలు అను క్రొత్త పదార్థముతో లాంగుప్లే రికార్డు 1948లో అమెరికాలో వచ్చినను, మన దేశమున లక్క రికార్డులు 1960వ దశాబ్దములో గూడ తయారగుచునే యుండెను. లక్కను కరిగించి మెరుగుపెట్టు వడ్రంగులు వాడునది స్పిరిటే. లక్కయిల్లు అగ్నికి ఆహుతియగునని భారతములో నెన్నిసార్లు చదివితిని! లక్కపలక స్పిరిటునకు కరుగునని నాకు తోచనేలేదు. చదువు వేరు, దానిని చేతిపనికి అన్వయించుట వేరు.

అప్పుడు తెలిసిన రెండవ సంగతి యింకను ముఖ్యమైనది. చిటపటకు దుమ్మొక్కటే కారణము కాదు, ముల్లు గూడ కారణము. లక్క రికార్డుమీద గీత వెడల్పైనది. దానికి తగిన ముల్లుమొన వ్యాసార్ధము సుమారు 75 మైక్రానులుండవలెను. లాంగుప్లే గీత సన్ననిది. దాని ముల్లు 18 మైక్రానుల ప్రాంతము. మా చిన్నపెట్టెలో నున్నది సన్నముల్లు. బండిచక్రము పోవలసిన చాలులో ములుగర్ర యీడ్చినట్లు, అది గీత గోడలను తాకక, అడుగున పేరుకొన్న మట్టిని గీకుచు పోవుచుండెను. పాట గోడలయందున్నది, మేము వినుచున్నది అడుగు మట్టిని. పైగా ఆ పెట్టెలోని బుల్లి స్పీకరు సన్నని ధ్వనులనే పలికించును గాని మంద్రస్వరములను పలికింపలేదు. వయస్సు మీరినవారి చెవులు మొదట గోల్పోవునది హెచ్చుస్థాయి ధ్వనులనే. మంద్రము చాలకాలము నిలుచును. అనగా మామగారి చెవులు వినగలదానిని ఆ పెట్టె పలుకుట లేదు. అది పలుకుదానిని వారి చెవులు వినలేవు. తప్పు చెవులదే యని వారు నమ్మి యూరకుండిరి. ఆ యూరకుండుటయే నన్ను రికార్డు పాడైనదానికంటె నెక్కువగా బాధించినది.

నాకు చీటీ సొమ్ము 40,000 రూపాయలు చేతికి వచ్చియుండెను. గొలుసు చేయించుకొనవలెనని రెండేండ్లు కట్టినది. దానిని మావారి ముందుంచితిని. వారు ఒప్పుకొనలేదు. "చేసినది తెలియక చేసితివి. దానికి జరిమానా యేల?" అనిరి. ఇది జరిమానా కాదని, ఇంట పెద్దవారొకరు తాము చెవిటివారైతిమని పొరబడి మౌనముగా గూర్చుండగా నా మెడలో గొలుసు నాకు బరువేయని చెప్పితిని. రెండు దినములు తర్జనభర్జనలు జరిగినవి. ఒప్పందమేమనగా, సగము నా చీటీది, సగము వారి జీతములో నెలనెలయు కూడబెట్టినది. అందుచే ఆరు నెలలు పట్టినది. సంసారములో నిట్టి ఆలస్యము మేలే. ఆ ఆరు నెలలలో వస్తువును గూర్చి తెలిసికొని కొంటిమి గాని, చూచి మురిసి కొనలేదు.

మేము కొన్నవి ఇవి: 33, 45, 78 అను మూడు వేగములును గల తిరుగుడు బల్ల, దానికి అయస్కాంతపు కార్ట్రిడ్జి, దానిలో మార్చి పెట్టుకొను ముల్లులు రెండు, ఒకటి లక్క రికార్డులకు, రెండవది లాంగుప్లేలకు, ముల్లుబరువు తూచు చిన్న త్రాసు, కొంచెము పెద్ద స్పీకర్లు రెండు. పూర్వపు కీ గ్రామఫోనులో ముల్లుమీద పడు బరువు నూరు గ్రాములకు మించియుండెడిది. ఉక్కుముల్లు ఒక వైపు పాడినంతనే యరిగిపోవుటచే ప్రతివైపునకు క్రొత్తది వేయవలసియుండెను. ఇప్పటి ముల్లు రత్నపుమొన గలది. లాంగుప్లేకు సుమారు 2 గ్రాములే చాలును. లక్క రికార్డుముల్లునకు దానిని చేసినవారు చెప్పిన బరువు పెట్టవలెను. తక్కువైనను ముల్లు ఎగిరిపడి గీతను చెరచును, ఎక్కువైనను చెరచును.

బల్లను సమముగా నిలుపుటకు మావారు మేస్త్రీ నడిగి రసమట్టము తెచ్చిరి. మా గచ్చు ఒకవైపు వాలుగా నున్నదని అప్పుడు తెలిసినది. ఒక కాలిక్రింద అట్టముక్క పెట్టితిమి. ఇక వేగము. 77 గీతలు గల కాగితపు చక్రమును బల్లపై నుంచి, 50 సైకిళ్ల కరెంటుతో వెలుగు పాతదీపము క్రింద చూచినచో, వేగము సరిపోయినప్పుడు ఆ గీతలు కదలక నిలిచినట్లు కనబడును. క్రొత్త ఎల్.ఇ.డి. దీపములలో పెక్కింటికి ఇది పనిచేయదు. పాత కరెంటుదీపము నొకదానిని అటకమీదినుండి దింపితిని. 1925లో విద్యుత్తుతో రికార్డు చేయుట వచ్చుటకు మునుపటి రికార్డులలో 78 అనునది ఖచ్చితముగా నుండదు. అట్టి వానికి శ్రుతి చూచుకొని వేగము సవరింపవలెను. ఇంకొక చిక్కు కలదు. 1954లో అమెరికాలో ఒక ప్రమాణమేర్పడువరకు, మంద్రమును తగ్గించి హెచ్చుస్వరములను పెంచి చెక్కు పాళ్లు ఒక్కొక కంపెనీకి ఒక్కొక విధముగా నుండెడివి. కావున పాత రికార్డు వినునప్పుడు స్వరములు పెంచి తగ్గించు బొత్తాములను చెవికింపగు వరకు త్రిప్పుకొనవలెను. వంటలో ఉప్పువలె ఇందును చేతి అంచనాయే ప్రమాణము.

ఇదంతయు అమర్చునప్పుడు మామగారు వరండాలో పత్రిక చదువుచున్నట్లు కూర్చుండిరి. మొదట లూయీ ఆర్మ్‌స్ట్రాంగు బాకా వాయించిన రికార్డు నొకదానిని పెట్టితిమి. చిటపట పూర్తిగా పోలేదు. వాన వెలిసిన పిమ్మట చూరునీళ్లవలె దూరమున వినవచ్చుచుండెను. దాని ముందు బాకా నిలువున నిలిచినది. పత్రిక క్రిందికి దిగినది. మామగారు లోపలికి వచ్చి, స్పీకరుకు ఎదురుగా నేలమీదనే కూర్చుండి, కొంతసేపటికి వ్రేళ్లతో గచ్చుపై తాళము వేయసాగిరి. "ఆ లావు తీగెల వీణె మోగుతున్నది వినబడుతుందా బిడ్డా? నేను అది ఇగ వినననుకున్న" అనిరి. వారు చెప్పినది డబుల్‌బేసు అను వాద్యమును గూర్చి. నాకు అదివరకది వినబడుచున్నట్లే తెలియదు. వారు చెప్పిన పిమ్మట వినిపించినది.

అప్పటినుండి సాయంకాలము వారు చెప్పగా నేను వినుట నేర్చుకొనుచున్నాను. బ్లూస్ అను పాటకు 12 తాళఖండములు, నాలుగేసి చొప్పున మూడు పాదములు. మొదటి పాదమునే రెండవ పాదమున మరల పాడి, మూడవ పాదమున దానికి జవాబు చెప్పుదురు. బుర్రకథలో కథకుడొక మాటనగా వంతలు అందుకొన్నట్లు, పాడువాడు ఒకమాట యనగా బాకా దానికి బదులు పలుకును. పాట నడుమ ఒక్కొక్కరును లేచి అప్పటికప్పుడు కల్పించి వాయింతురు. ఇది చూచినప్పుడు నాకు అవధానము జ్ఞప్తికి వచ్చినది. పృచ్ఛకుడిచ్చిన సమస్యను, ఛందస్సు తప్పక, అచటికచట పూరించు అవధానివలె, వీరును స్వరముల కట్టుబాటును దాటక ఆ క్షణమున పుట్టినదానిని పలుకుదురు. కట్టుబాటు లేనిచో అది గందరగోళమే. కట్టుబాటు తెలిసిన చెవికి అది పద్యము. గందరగోళము నా చెవిలో నుండెను గాని వారి వాద్యములో లేదు.

లాంగుప్లేలలో డ్యూక్ ఎలింగ్టనుది యొకటి యున్నది. అతడు 1963లో తన బృందముతో మన దేశమునకు వచ్చెను. ఢిల్లీలో గోరువంక కూత విని, అతని సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ ఆ కూతనే ఒక రచనకు మొదలుగా నిలిపెను. 1967లో వెలువడిన వారి రికార్డులో అది చేరినది. మా పెరటి జామచెట్టుమీద దినమును వినుచు, అంట్లు తోముచు విసుగుకొను గోరువంకయే అది!

చివరి సంగతి. నేను పాడుచేసిన రికార్డును ఒకనాడు మామగారే తీసికొని వచ్చిరి. ఆ మధ్యాహ్నము భయపడి నేను ఆగుటచే, రెండవవైపు స్పిరిటు సోకక మిగిలియుండెను. పాడైనవైపు జిగురు బల్లకంటకుండ క్రింద మెత్తని కాగితము వేసి, మంచివైపు పైకి పెట్టితిమి. మూడు నిమిషముల పాట. అయిపోయిన పిమ్మట వారు చాలసేపు మాటాడలేదు. తరువాత ననిరి: "మీ అత్తకు అటు దిక్కు పాట ఇష్టముండె. ఇటు దిక్కుది మేము ఎన్నడూ సరిగ్గ వినలే. ఇది గూడ మంచిగనే ఉన్నది బిడ్డా. ఇంకొకసారి పెట్టు."

ఇంకొకసారి పెట్టితిని. పోయిన పాట తిరిగి రాలేదు, రాదు. కాని ఆ యింటిలో మాట తిరిగివచ్చినది.

ఇట్టి పాత రికార్డులు మీ యిండ్లలో నున్నచో ఈ కొద్ది మాటలు మరువకుడు. లక్క రికార్డునకు స్పిరిటుగాని, స్పిరిటు గలిసిన చేతిమందుగాని తగులనీయరాదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, అవసరమైనచో శుద్ధజలములో సబ్బుచుక్క కలిపి, నడుమ కాగితము తడియకుండ తుడిచి వెంటనే ఆరబెట్టవలెను. ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నుంచవలెను. మన యెండకాలపు వేడికి దూరముగా నుంచవలెను. సన్నముల్లుతో లక్క రికార్డును, లావుముల్లుతో లాంగుప్లేను ఎన్నడును పాడింపరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది: పెద్దవారు "నా చెవులు పోయినవి, నా కన్నులు పోయినవి" యన్నప్పుడు వెంటనే నమ్మకుడు. ముందు ముల్లును చూడుడు, దీపమును చూడుడు. ఆ పిమ్మట వారివైపు చూడుడు.